సబోన్: మూడు అచ్చు పద్ధతులకు ఒకే అక్షరం



మీకు అందుబాటులో ఇంగ్లీషు పుస్తకం ఏదైనా ఉంటే తెరిచి పక్కన పెట్టుకోండి. నవలైనా ఫరవాలేదు, చరిత్ర పుస్తకమైనా ఫరవాలేదు. రేడియోలో నేను బొమ్మలు చూపించలేను కాబట్టి ఆ పేజీయే మనకు బొమ్మ. అందులో క్యాపిటల్ 'ఐ' అక్షరం ఎక్కడుందో చూడండి. ఒక నిలువు గీత, దాని తల మీద చిన్న అడ్డు, పాదం దగ్గర మరో చిన్న అడ్డు. ఆ చిన్న అడ్డుల పేరు సెరిఫ్. బస్సు బోర్డుల మీదా సెల్‌ఫోన్ తెర మీదా మనకు ఎక్కువగా కనిపించే ఇంగ్లీషు అక్షరాలకు ఈ కొసలు ఉండవు. కానీ మూడు నాలుగు వందల పేజీలు కూర్చుని చదవాల్సిన పుస్తకం దగ్గరికి వచ్చేసరికి, అచ్చు వేసేవాళ్లు ఈనాటికీ ఎక్కువగా సెరిఫ్ ఉన్న అక్షరాలనే పట్టుకుంటున్నారు.

ఈ కొసల చరిత్ర చాలా పాతది. రోమ్ నగరంలో ట్రేజన్ స్తంభం అడుగున క్రీ.శ. 113 నాటి శాసనం ఉంది. రాతిలో చెక్కిన ఆ పెద్ద అక్షరాలకు సెరిఫ్‌లు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు కుంచెతో రాసుకుని, ఆ రాత వెంబడే ఉలి నడిపారనీ, కుంచె మొదలయ్యే చోటా ఆగే చోటా పడే వెడల్పే సెరిఫ్‌గా నిలిచిందనీ ఎడ్వర్డ్ కాటిచ్ అనే పండితుడు వాదించాడు. ఆయన స్వయంగా బోర్డులు రాసే పనివాడు కూడా కావడంతో ఆ మాటకు బలం వచ్చింది. చిన్న అక్షరాలు మాత్రం పదిహేనో శతాబ్దపు ఇటలీ పండితుల చేతిరాత నుంచి వచ్చాయి. వెనిస్‌లో నికొలాస్ జెన్సన్, ఆ తర్వాత ఆల్డస్ మనూషియస్ ఆ రాతను సీసంలోకి తెచ్చారు. పారిస్‌లో క్లోద్ గారమాండ్ దాన్ని ఇంకా నున్నగా, నిలకడగా తీర్చిదిద్దాడు. గారమాండ్ 1561లో చనిపోయాడు. ఆయన చెక్కిన అక్షరాల నీడ మాత్రం నాలుగున్నర శతాబ్దాలుగా యూరప్ పుస్తకాల మీద పడుతూనే ఉంది.

ఆ వంశంలో పుట్టినదే ఈ రోజు నేను చెప్పబోయే అక్షరం. దాని పేరు సబోన్. 1967లో విడుదలైంది. గీసినవాడు యాన్ చిఖోల్డ్. పుస్తకాల కోసం ఇరవయ్యో శతాబ్దంలో గీసిన అక్షరాల్లో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది దీని మీదే. ఆ గౌరవం అందం చూసి మాత్రమే కలిగింది కాదు. అది ఎన్ని కట్టుబాట్ల మధ్య పుట్టిందో తెలిశాక పేజీని చూసే తీరే మారిపోతుంది.

1960 ప్రాంతంలో పశ్చిమ జర్మనీలో కొందరు ప్రెస్సు యజమానులు కలిసి ఒక కోరిక ముందుకు తెచ్చారు. అప్పటికి పుస్తకాల అక్షరాలను కూర్చే పద్ధతులు మూడు ఉండేవి. ఒకటి చేత్తో పేర్చడం. రెండోది లైనోటైపు యంత్రం. మూడోది మోనోటైపు యంత్రం. ఒకే పేరుతో ఉన్న టైపు కూడా ఒక్కో పద్ధతిలో ఒక్కో రకంగా వచ్చేది. పుస్తకంలో వచనాన్ని యంత్రం మీద, శీర్షికలను చేత్తో కూర్చితే రెండూ కలిసేవి కావు. ఒక ప్రెస్సులో లైనోటైపు, పక్క ఊరి ప్రెస్సులో మోనోటైపు ఉంటే ఒకరి పని మరొకరు అందుకోవడం కుదిరేది కాదు. మూడు పద్ధతుల్లోనూ తేడా తెలియకుండా ఒకేలా అచ్చయ్యే అక్షరం కావాలన్నారు. అది గారమాండ్ సంప్రదాయంలో ఉండాలన్నారు. తాము అప్పుడు వాడుతున్న మోనోటైపు గారమాండ్ కంటే సుమారు అయిదు శాతం ఇరుకుగా ఉండాలని కూడా షరతు పెట్టారు. అయిదు శాతం అంటే వినడానికి చిన్నమాటే. నాలుగు వందల పేజీల పుస్తకంలో అది ఇరవై పేజీల కాగితం. వేల ప్రతులు వేసే ప్రచురణకర్తకు ఆ ఇరవై పేజీలు చిన్నవి కావు.

అన్ని పద్ధతుల్లోనూ ఒకే అక్షరం రావడంలో కష్టం ఏముందో తెలియాలంటే, ఆ మూడూ ఎలా పనిచేసేవో కాస్త దగ్గరగా చూడాలి.

చేతి టైపు అన్నిటికీ మూలం. ఒక ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి చెక్కుతారు. ఈ కడ్డీని పంచ్ అంటారు. ఆకురాయితో అరగదీస్తారు. లోపలి ఖాళీ కోసం ఒక్కోసారి ఆ ఖాళీ ఆకారంలోనే మరో చిన్న పంచ్ చేసుకుని దానితో గుంట కొడతారు. మధ్యమధ్య కడ్డీ కొసను దీపం పొగలో పెట్టి మసి పట్టించి, కాగితం మీద అద్ది, అక్షరం ఎలా కుదిరిందో చూసుకుంటారు. సంతృప్తి కలిగాక ఉక్కును కాల్చి గట్టిపరచి, రాగి ముక్క మీద ఆనించి సుత్తితో కొడతారు. రాగిలో గుంట పడుతుంది. దాన్ని మాట్రిక్స్ అంటారు. ఆ రాగి మాట్రిక్స్‌ని మూసలో బిగించి సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి కరిగించి పోస్తే ఒక్కో అక్షరం ఒక్కో దిమ్మగా బయటికొస్తుంది. సీసం ఒక్కటే అయితే మెత్తబడి అణిగిపోతుంది, ఆంటిమొనీ దానికి గట్టితనం ఇస్తుంది. గారమాండ్ కాలం నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు. ఇందులో కళాకారుడికి స్వేచ్ఛ ఎక్కువ. అక్షరం ఎంత వెడల్పైనా ఉండవచ్చు. 'ఎఫ్' లాంటి అక్షరం తల తన దిమ్మను దాటి బయటికొచ్చి పక్క అక్షరం భుజం మీదికి వాలవచ్చు.

లైనోటైపు కథ వేరు. ఓట్మార్ మెర్గెంతాలర్ కనిపెట్టిన ఈ యంత్రం 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో పనిలోకి దిగింది. ఆపరేటరు మీట నొక్కగానే పైనున్న అర నుంచి ఇత్తడి మాట్రిక్స్ ఒకటి జారి కిందికి వస్తుంది. అలా పంక్తికి సరిపడా మాట్రిక్స్‌లు వరస కట్టాక యంత్రం వాటి మీద కరిగిన లోహం పోసి, మొత్తం పంక్తిని ఒకే కడ్డీగా పోతపోస్తుంది. పని అయిపోయిన మాట్రిక్స్‌లు తమ తమ అరల్లోకి తామే తిరిగి వెళతాయి. చూసినవాళ్లకు అబ్బురం కలిగించే యంత్రం. అయితే అక్షరాలు గీసేవాడికి అది రెండు గట్టి సంకెళ్లు వేసింది. మొదటిది, మాట్రిక్స్‌లు గోడకు గోడ ఆనుకుని నిలబడతాయి కనుక ఏ అక్షరమూ తన హద్దు దాటకూడదు. రెండోది ఇంకా కష్టమైనది. సాధారణంగా ప్రతి మాట్రిక్స్ మీదా రెండు అక్షరాలు ఉంటాయి. నిటారు 'ఎ' ఒకటి, దాని కింద వాలు 'ఎ', అంటే ఇటాలిక్ 'ఎ' మరొకటి. ఇత్తడి ముక్క ఒకటే కాబట్టి రెండు అక్షరాల వెడల్పూ ఒకటే కావాలి. బొద్దుగా ఉన్న అన్నకూ సన్నగా ఉన్న తమ్ముడికీ ఒకే కొలతతో చొక్కా కుట్టించమన్నట్టు. ఇటాలిక్ పుట్టుకతోనే సన్నని అక్షరం. దాన్ని నిటారు అక్షరం వెడల్పుకు సాగదీస్తే నీరసంగా, వదులుగా తయారవుతుంది. చాలా లైనోటైపు ఇటాలిక్‌లు అలాగే తయారయ్యాయి.

మోనోటైపు అక్షరాలను విడివిడిగా పోతపోస్తుంది. మీటల బల్ల దగ్గర కూర్చున్న మనిషి కాగితపు చుట్ట మీద చిల్లులు పొడుస్తాడు. ఆ చుట్టను వేరే యంత్రానికి ఎక్కిస్తే, చిల్లుల గుండా పోయే గాలి ఒత్తిడితో అది ఏ అక్షరం కావాలో పోల్చుకుని ఒక్కొక్కటే పోస్తుంది. ఇక్కడి కట్టుబాటు లెక్కకు సంబంధించినది. అన్నిటికంటే వెడల్పైన అక్షరాన్ని 18 భాగాలుగా విభజించుకుని, ప్రతి అక్షరమూ ఆ భాగాల్లో పూర్తి సంఖ్యకు సరిపోయేలా గీయాలి. ఏడున్నర భాగాల అక్షరం కుదరదు. ఏడైనా కావాలి, ఎనిమిదైనా కావాలి. పైగా మాట్రిక్స్‌లు ఉండే చట్రంలో ఒక్కో వరసలోని అక్షరాలన్నీ ఒకే వెడల్పువి కావాలి.

ఇప్పుడు మూడింటినీ కలిపి ఆలోచించండి. వెడల్పు మోనోటైపు లెక్కలో ఇమడాలి. నిటారు, వాలు రూపాలు రెండూ ఒకే వెడల్పులో ఉండాలి. ఏ అక్షరమూ హద్దు దాటకూడదు. స్వేచ్ఛ ఉన్న చేతి టైపు కూడా మిగతా రెండింటితో కలవాలంటే తన స్వేచ్ఛను వదులుకోవాలి. అంతా అయ్యాక చదివేవాడికి ఇవేవీ తెలియకూడదు. పదహారో శతాబ్దంలో ఒక మనిషి తన తీరికలో చెక్కినట్టు ఉండాలి. ఈ పనికి ఎంచుకున్నది చిఖోల్డ్‌ని.

చిఖోల్డ్ ఎవరో చెప్పకపోతే ఈ కథలో సగం పోతుంది. 1902లో లైప్‌జిగ్‌లో పుట్టాడు. తండ్రి బోర్డులు రాసే పెయింటరు. లైప్‌జిగ్ అకాడమీలో అక్షర లేఖనం నేర్చాడు. 1923లో వైమార్‌లో బౌహౌస్ అనే ఆధునిక కళాపాఠశాల వాళ్ల ప్రదర్శన చూసి కదిలిపోయాడు. ఇక పాత పద్ధతులన్నీ పనికిరావని నిశ్చయించుకున్నాడు. 1928లో 'కొత్త టైపోగ్రఫీ' అనే అర్థం వచ్చే పేరుతో జర్మన్‌లో పుస్తకం రాశాడు. ఈ యంత్రయుగానికి తగినది సెరిఫ్ లేని అక్షరం ఒక్కటేననీ, పేజీని మధ్యకు సర్ది పేర్చే పాత పద్ధతికి కాలం చెల్లిందనీ అందులో వాదించాడు. ఆ పుస్తకాన్ని సెరిఫ్ లేని అక్షరాల్లోనే కూర్పించాడు. ఇరవై ఆరేళ్ల యువకుడి ఆవేశం అందులో ప్రతి పుటలోనూ తొణికిసలాడుతుంది.

1933 మార్చిలో, హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, మ్యూనిక్‌లో చిఖోల్డ్‌ని అరెస్టు చేశారు. ఆయన అక్షరాలూ పోస్టర్లూ జర్మన్ సంస్కృతికి విరుద్ధమని, బోల్షివిక్ వాసన వేస్తున్నాయని ఆరోపణ. కొన్ని వారాలు నిర్బంధంలో ఉంచారు. విడుదల కాగానే కుటుంబంతో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ చేరాడు. అక్కడ ప్రచురణ సంస్థలకు పుస్తకాలు రూపొందిస్తూ బతికాడు. రోజూ పుస్తకాలు చేస్తున్న కొద్దీ ఆయన మనసు మారింది. నవలకూ కవిత్వానికీ శాస్త్ర గ్రంథానికీ పోస్టరు సూత్రాలు అతకవని గ్రహించాడు. పాత సెరిఫ్ అక్షరాలకూ, కుదురైన మార్జిన్లకూ తిరిగి వచ్చాడు.

పాత మిత్రులు ఊరుకోలేదు. 1946లో మాక్స్ బిల్ అనే స్విస్ కళాకారుడు ఆయన్ని తీవ్రంగా విమర్శించాడు. చిఖోల్డ్ ఇచ్చిన జవాబు అచ్చుకళా చరిత్రలో నిలిచిపోయింది. తాను యువకుడిగా ప్రకటించిన సిద్ధాంతంలో ఒక అసహనం ఉందనీ, అందరూ ఒకే క్రమంలో నిలబడాలన్న ఆ పట్టుదలకూ తనను జైల్లో పెట్టిన పాలకుల పట్టుదలకూ పోలిక ఉందనీ అన్నాడు. చాలామందికి ఇది అతిగా అనిపించింది. నాకు మాత్రం ఇందులో గొప్ప నిజాయితీ కనిపిస్తుంది. తను రాసిన పుస్తకమే ఒక తరానికి బైబిల్‌లా మారిన తర్వాత, దాన్ని నలుగురిలో ప్రశ్నించుకోవడానికి గుండె దిటవు కావాలి.

1947లో పెంగ్విన్ ప్రచురణ సంస్థ ఆయన్ని ఇంగ్లండ్‌కు పిలిచింది. 1949 చివరి వరకూ అక్కడ పనిచేసి అయిదు వందలకు పైగా పుస్తకాల రూపాన్ని సరిదిద్దాడు. కంపోజిటర్ల కోసం నాలుగు పేజీల నియమావళి రాశాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ తక్కువగా ఉంచాలి, ఫుల్‌స్టాప్ తర్వాత అదనపు ఖాళీ వదలకూడదు, క్యాపిటల్ అక్షరాలు వరసగా వచ్చినప్పుడు వాటి మధ్య కొద్దిగా ఎడం ఇవ్వాలి. ఇలాంటివే నియమాలన్నీ. మాటల మధ్య ఖాళీలు ఎక్కువైతే పేజీలో తెల్లటి పగుళ్లు ఏర్పడతాయి, కన్ను వాటిలో జారిపోతుంది. వాటిని అదుపు చేస్తే అగ్గువ ధర పుస్తకం కూడా హాయిగా చదువుకోవచ్చు. ఆ పని ఆయన సామాన్యుడు కొనుక్కునే చవక పుస్తకాల కోసం చేశాడు.

సబోన్ పని చేతికొచ్చేనాటికి ఆయనకు అరవై దగ్గర పడింది. అక్షరాల మూలం కోసం 1592 నాటి ఒక కాగితాన్ని ఆధారం చేసుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కోన్రాడ్ బెర్నర్ అనే టైపు ఫౌండ్రీ యజమాని తన దగ్గర ఏయే అక్షరాలు దొరుకుతాయో గిరాకీదారులకు చూపడానికి వేసిన నమూనా షీటు అది. అందులో ఒక అపురూపమైన విశేషం ఉంది. చాలా అక్షరాల పక్కన చెక్కినవాడి పేరు అచ్చువేశారు. నిటారు అక్షరాల పక్కన గారమాండ్ పేరు, ఇటాలిక్ పక్కన రాబర్ట్ గ్రాంజాన్ పేరు.

ఆ పేర్లకు ఎంత విలువ ఉందో ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. పారిస్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో ఉన్న పాత అక్షరాలను చాలాకాలం అందరూ గారమాండ్‌వే అనుకున్నారు. వాటిని చూసి అనేక కంపెనీలు 'గారమాండ్' అనే పేరుతో టైపులు చేసుకున్నాయి. 1926లో బియాట్రిస్ వార్డ్ అనే పరిశోధకురాలు, పాల్ బోజాన్ అనే మగ పేరుతో రాసిన వ్యాసంలో, ఆ అక్షరాలు గారమాండ్‌వి కావని రుజువు చేసింది. సెడాన్ పట్టణంలో జాన్ జానాన్ అనే అచ్చుపనివాడు గారమాండ్ పోయిన అరవై ఏళ్లకు, 1621లో ప్రచురించిన నమూనాలోవి అవి. జర్మన్ ముద్రాపకులు కొలమానంగా పెట్టుకున్న మోనోటైపు గారమాండ్ కూడా 1922లో ఆ జానాన్ అక్షరాల మీదే తయారైంది. పేరు గారమాండ్‌ది, చేయి జానాన్‌ది. గారమాండ్ అసలు అక్షరాన్ని వెనక్కి తెచ్చిన సబోన్‌కు మాత్రం గారమాండ్ పేరు పెట్టలేదు. ఆ పేరు మీద అప్పటికే బోలెడు గందరగోళం ఉంది.

మరి సబోన్ ఎవరు? జాక్ సబోన్ ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి వచ్చిన అక్షరశిల్పి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఎగెనోల్ఫ్ ఫౌండ్రీలో పనిచేశాడు. ఆంట్వెర్ప్‌లో ప్రసిద్ధ ముద్రాపకుడు ప్లాంటిన్ కోసం, గారమాండ్ సగంలో వదిలేసిన ఒక అక్షరాల సెట్టును పూర్తిచేశాడు. ఎగెనోల్ఫ్ మనవరాలు జూడిత్‌ను పెళ్లాడి ఫౌండ్రీని నడిపాడు. 1580లో ఆయన చనిపోయాక జూడిత్ బెర్నర్‌ను పెళ్లి చేసుకుంది. పన్నెండేళ్ల తర్వాత బెర్నర్ వేసిన నమూనా షీటే మనం చెప్పుకున్నది. గారమాండ్ మాట్రిక్స్‌లను ఫ్రాంక్‌ఫర్ట్‌కు చేర్చిన ఘనత సబోన్‌కే ఇస్తారు. ఆయన పేరు పెడదామని సూచించినవాడు మోనోటైపు సంస్థ సలహాదారు స్టాన్లీ మారిసన్. టైమ్స్ న్యూ రోమన్ వెనక ఉన్నది కూడా ఆ మారిసనే. ఆ సూచన నాకెంతో నచ్చుతుంది. ఒకరు చెక్కిన అక్షరాలను పోగొట్టకుండా మరో దేశానికి మోసి, సగంలో ఆగిన పనిని పూర్తి చేసిన మనిషి పేరు ఇలా పుస్తకాల్లో నిలిచింది. చేతి టైపు వెర్షన్‌ను పోతపోసిన స్టెంపెల్ ఫౌండ్రీ కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండేది.

ఇక చిఖోల్డ్ ఆ సంకెళ్లను ఎలా మోశాడో చూద్దాం. మీ దగ్గర సబోన్‌లో అచ్చయిన పుస్తకం ఉంటే చిన్న 'ఎఫ్' అక్షరాన్ని చూడండి. గారమాండ్ 'ఎఫ్' తల ముందుకు బాగా వంగి, వర్షంలో గొడుగు పట్టినట్టు పక్క అక్షరం మీదికి వస్తుంది. సబోన్‌లో ఆ వంపు పొట్టిది. తన హద్దులోనే ముడుచుకుని ఆగుతుంది. ఇది లైనోటైపు విధించిన షరతు. దీనివల్ల ఒక మేలు కూడా జరిగింది. మామూలు టైపులో 'ఎఫ్' పక్కన చిన్న 'ఐ' వస్తే, వంపు కొస ఐ మీది చుక్కను గుద్దుకుంటుంది. అందుకే ఆ రెండింటినీ కలిపి ఒకే దిమ్మగా పోసిన జంట అక్షరం అవసరమయ్యేది. సబోన్‌లో అవి గుద్దుకోవు.

ఇటాలిక్ దగ్గర ఆయన తీసుకున్న నిర్ణయం ఇంకా లోతైనది. గ్రాంజాన్ ఇటాలిక్‌ను యథాతథంగా తెచ్చి సాగదీయలేదు. వెడల్పు ఎలాగూ ఎక్కువ ఉండక తప్పదు కాబట్టి, ఆ వెడల్పుకు తగ్గట్టు అక్షరాల పొట్టలను గుండ్రంగా, తీరుబాటుగా మళ్లీ గీశాడు. నిటారు అక్షరాల్లో కూడా కొన్నింటిని కాస్త బిగించాడు. అన్నదమ్ములిద్దరూ చెరో అడుగు వేసి మధ్యలో కలుసుకున్నారు. సబోన్ ఇటాలిక్‌లో అందుకే ఉరుకులు పరుగులు ఉండవు. ఒక పేరా మొత్తం ఇటాలిక్‌లో ఉన్నా కన్ను అలసిపోదు. గ్రాంజాన్ అసలు ఇటాలిక్‌లో ఉన్న చురుకు ఇందులో తగ్గిందని అనేవాళ్లున్నారు. ఆ మాట నిజమే. కానీ పుస్తకంలో ఇటాలిక్‌కు ఎక్కువ భాగం ఒక మాటను కొద్దిగా వేరుచేసి చూపే పని ఉంటుంది, దానికి ఈ నెమ్మదితనం బాగా సరిపోతుంది.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట. ఇంగ్లీషు ఇటాలిక్ అనేది నిటారు అక్షరాన్ని పక్కకు వంచింది కాదు, వేరే చేతిరాత నుంచి పుట్టిన వేరే అక్షరం. తెలుగులో అలాంటి జంట సంప్రదాయం లేదు. కంప్యూటర్లో ఇటాలిక్ మీట నొక్కితే మన అక్షరం ఒరిగిపోతుంది, గుడీ కొమ్మూ దీర్ఘమూ వికారంగా సాగుతాయి. దాన్ని ఎవరూ గీయలేదు, యంత్రం లెక్కకట్టి వంచింది. తెలుగు పుస్తకంలో ఒక మాటను వేరుగా చూపాలంటే కొటేషన్ గుర్తులో, లావు అక్షరాలో వాడడమే మేలని నా అభిప్రాయం.

సబోన్ విడుదలైన కొద్ది ఏళ్లకే సీసపు అక్షరాల యుగం ముగింపుకొచ్చింది. ఫోటో కంపోజింగ్, ఆఫ్‌సెట్ విస్తరించాయి. ఏ మూడు పద్ధతుల కోసం అంత కష్టపడ్డారో అవి మూడూ కనుమరుగయ్యాయి. చిఖోల్డ్ 1974లో లొకార్నోలో చనిపోయాడు. స్టెంపెల్ ఫౌండ్రీ 1980 దశకంలో మూతపడింది. అక్షరం మాత్రం ఆగలేదు. ఆఫ్‌సెట్‌లో ఒక చిక్కు వచ్చింది. సీసపు అక్షరం కాగితాన్ని నొక్కినప్పుడు సిరా అంచుల వెంట కొద్దిగా వ్యాపించి, అక్షరం గీసినదానికంటే కాస్త లావుగా పడేది. గీసేవాళ్లు ఆ లెక్క మనసులో పెట్టుకునే గీసేవారు. ఆఫ్‌సెట్‌లో నొక్కుడు లేదు కాబట్టి, చాలా పాత టైపులు కొత్త పద్ధతిలో పలచబడి వెలవెలబోయాయి. వాటితో పోలిస్తే సబోన్ ఈ మార్పును బాగానే తట్టుకుంది. 2002లో జాన్ ఫ్రాన్స్వా పోర్షే అనే ఫ్రెంచి కళాకారుడు 'సబోన్ నెక్స్ట్' పేరుతో దాన్ని మళ్లీ గీశాడు. లైనోటైపు షరతులు ఇప్పుడు లేవు కనుక ఇటాలిక్‌కు దాని సహజమైన సన్నదనం తిరిగి ఇచ్చాడు. చాలా చక్కని పని. అయినా పొడవైన పుస్తకానికి ఎంచుకోమంటే నేను 1967 నాటి సబోన్ వైపే మొగ్గుతాను. ఆ బిగువులో ఒక కుదురు ఉంది.

జర్మన్ ముద్రాపకుల కోరికను తలచుకున్నప్పుడల్లా నాకు మన పుస్తకాలు గుర్తొస్తాయి. చాలా తెలుగు ప్రెస్సుల్లో ఆఫ్‌సెట్ వచ్చేదాకా చేతి కంపోజింగే సాగింది. ఒత్తులూ గుణింతాలూ కలిపి వందల అరల కేసు ముందు నిలబడి కంపోజిటర్లు ఒక్కో ముక్కా ఏరి పేర్చేవారు. ఆ తర్వాత కంప్యూటరు ఫాంట్లు వచ్చాయి. సిలికానాంధ్ర అనే సంస్థ చొరవతో పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి కవుల పేర్లతో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. మండలి, రామభద్ర కూడా ఆ కోవలోవే. అది పెద్ద మేలు. అయినా శీర్షికలకు అందమైన అక్షరాలు మనకు దొరికినంత సులువుగా, అయిదు వందల పేజీల నవల హాయిగా చదివించే అక్షరాలు దొరకడం లేదు. తెలుగు పంక్తికి కింద ఒత్తు వేలాడుతుంది, పైన గుడి లేస్తుంది. రెండింటికీ చోటు ఇస్తూ పేజీ ఖర్చు పెరగకుండా చూడడం సబోన్ లెక్కకంటే కష్టమైన లెక్క. ఈ లెక్క అక్షర శిల్పి ఒక్కడి మీద వేసి వదిలేయలేం. జర్మనీలో మాదిరిగా మన ప్రచురణకర్తలూ ముద్రాపకులూ కలిసి కూర్చుని, ఇదిగో మా కాగితం, ఇదిగో మా యంత్రం, ఇదిగో మా పాఠకుడు, ఇన్నిటికీ సరిపోయే పుస్తకాక్షరం గీయించండి అని అడగాలి. అందుకు డబ్బూ, కొన్నేళ్ల ఓపికా కలిసి పెట్టాలి.

చివరగా సబోన్ చేసిన ఒక గొప్ప పని చెప్పి ముగిస్తాను. ఇది రేడియో పనికి చాలా దగ్గరిది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో వాష్‌బర్న్ యూనివర్సిటీ ఉంది. వాష్‌బర్న్ కాలేజీ అనే దాని పాత పేరుతో 1970 దశకంలో బ్రాడ్‌బరీ థాంప్సన్ అనే ప్రసిద్ధ రూపకర్త బైబిల్‌ను సబోన్‌లో కూర్చాడు. మామూలుగా బైబిల్ అంటే రెండు ఇరుకు కాలమ్‌లు, చీమల బారు లాంటి అక్షరాలు, పంక్తి చివర మాటలు విరిగిపోవడం. థాంప్సన్ ఆ పద్ధతి వదిలేశాడు. మనిషి గట్టిగా చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ భావం ఒక మెట్టు దిగుతుందో అక్కడే పంక్తిని ముగించాడు. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉండిపోయినా పట్టించుకోలేదు. రేడియోలో మాట్లాడేవాళ్లు తమ స్క్రిప్టులో ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటారు. ఇప్పుడు నా చేతిలో ఉన్న కాగితాల మీద కూడా అలాంటి గీతలున్నాయి. థాంప్సన్ ఆ గీతలను బైబిల్ మొత్తానికీ పెట్టాడు, వాటి ప్రకారమే పుస్తకం కట్టాడు.

1979లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి తన ప్రార్థనా గ్రంథాన్ని కొత్తగా వెలువరించినప్పుడు దానికీ సబోన్‌నే ఎంచుకున్నారు. ఆ చర్చి ఇతర ఆరాధన పుస్తకాలు కూడా అదే అక్షరంలో వచ్చాయి. ముసలివాళ్లూ పిల్లలూ, కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లూ అందరూ కలిసి ఒకే గొంతుతో చదవాల్సిన పుస్తకం అది. మసక వెలుతురులో, నిలబడి, పుస్తకం చేత్తో పట్టుకుని చదవాలి. అక్కడ పంక్తి తప్పితే పక్కవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. ఇప్పటికీ ఆ చర్చిల్లో ఆదివారం పూట ఆ పుస్తకం తెరిచి చదువుతూనే ఉన్నారు.